ఎడమచేతి అక్షరాలు – పదకొండో భాగం: వైరు లేని కీబోర్డు

పోయిన వారం మనం మిసావోని సెందాయి బస్సులో వదిలిపెట్టాం. ఆమె ఒళ్ళో సంచీ, సంచీలో ల్యాప్‌టాప్. "నాన్న దాంతో రాయడం లేదు, ఊరికే కొడుతున్నారు" అని తన కంప్యూటర్ తను తీసుకుని వెళ్ళిపోయింది. కీబోర్డు మాత్రం తొగాషి మాస్టారి మంచం మీదే ఉండిపోయింది.

ఈ వారమే ఈ కథ చేతిలోకి తీసుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. సకాతా ఊళ్ళో మునిసిపల్ ఆఫీసు ఎదురుగా ముప్ఫయ్యెనిమిదేళ్ళు జనానికి దరఖాస్తులు రాసిపెట్టిన మనిషి తొగాషి మాస్టారు. అక్టోబరులో పక్షవాతం వచ్చి మాటా కుడిచెయ్యీ పోయాయి. చూపు చెదిరి ఏది చూసినా రెండుగా కనిపిస్తుంది. పదకొండేళ్ళుగా ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్న వకయో ఆయనకి ఏమవుతుందో ఏ కాగితంలోనూ రాసి లేదు. కూతురు మిసావో కుటుంబ కోర్టులో అర్జీ పెట్టింది. నాన్నకి బుద్ధి పనిచెయ్యడం లేదు, ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కు నాకివ్వండి, సెందాయిలో మా ఇంటి దగ్గరున్న వృద్ధాశ్రమంలో పెట్టుకుంటాను అని. కోర్టు పంపే డాక్టరమ్మ మంగళవారం మూడు గంటలకి ఇంటికొచ్చి చూస్తుంది. బుద్ధి బాగానే ఉందని ఆవిడ రాస్తే, ఎక్కడుండాలో మాస్టారే చెప్పుకోవచ్చు. లేదని రాస్తే మిసావో మాట నడుస్తుంది. రెండింట్లో ఏది జరిగినా వకయోని అడిగేవాళ్ళు లేరు.

ఆ మంగళవారం వచ్చేసింది. మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది.

మిసావో బూట్లు విప్పి, కోటు మీది మంచు గుమ్మం బయటే దులుపుకుని లోపలికి వచ్చింది. చేతిలో సెందాయి మిఠాయి పెట్టె. పచ్చి సోయా గింజల ముద్ద పైన పూసిన మోచీలు, జిగురు బియ్యపు ఉండలు. వకయో రెండు చేతులా అందుకుంది.

"మాస్టారికి మోచీ మింగుడు పడదండీ. నీళ్ళు కూడా చిక్కగా చేసే పడుతున్నాను."

"నాన్నకి కాదు. అమ్మకి."

"అయ్యో, అలాగే." వకయో పెట్టె తీసుకెళ్ళి గోడ అలమరలోని పూజాపీఠం ముందు పెట్టింది. అక్కడ మిసావో తల్లి ఫోటో ముందు పొద్దున పెట్టిన అన్నం, టీ ఇంకా ఉన్నాయి. మిసావో ఆ చిన్న గిన్నెకేసి చూసి, కోటు గుండీలు విప్పుకోసాగింది. ఆమె ఏమీ అనని విషయాలు ఆ ఇంట్లో చాలానే ఉన్నాయి.

పడకగదిలో కిరసనాయిలు హీటరు మీద కెటిల్ సన్నగా కూస్తోంది. మాస్టారు మంచం తల వైపు ఎత్తిపెట్టి ఉంది. ఆయన ఒళ్ళో చిన్న బల్ల, బల్ల మీద కీబోర్డు. రెండు బారల దూరంలో పొట్టి టేబులు మీద ఒక బండ కంప్యూటర్, దాని మూత మీద బియ్యం పిండి మరకలు.

"మళ్ళీ ఎక్కణ్ణించి తెచ్చారు దీన్ని?" అంది మిసావో.

"బియ్యం కొట్టు ఇవాసె గారిది. సాయంత్రం అయిదింటికల్లా ఇచ్చెయ్యాలి, బస్తాల మీద చీటీలు దీంట్లోంచే తీస్తారట."

"మూడు వారాలు నా దాంట్లో కొట్టించారు కదా. ఏం వచ్చింది? పిల్లి నడిచినట్టు వచ్చింది."

"పిల్లి రోజూ ఒకే దారిలో నడవదు కదండీ."

"అంటే?"

వకయో మంచం పక్కనుంచి నోటు పుస్తకం తీసింది. మాస్టారికి ఎన్నింటికి నీళ్ళు పట్టిందీ, జ్వరం ఎంతుందీ, ఏ పక్కకి తిప్పి పడుకోబెట్టిందీ అన్నీ అందులో ఉంటాయి. ప్రతి పేజీ అడుగునా, ఆ రోజు కంప్యూటర్ తెర మీద కనబడిందాన్ని బొమ్మ గీసినట్టు చూసి గీసుకుంది. ఆమెకి టైపు చెయ్యడం రాదు. ఇంగ్లీషు అక్షరాలూ అంతంతమాత్రం.

"ఇరవై రెండు రోజులు. ప్రతిరోజూ మొదట ఇవే మూడు. సున్నా, ఇదిగో ఈ శిలువలాంటి ఇంగ్లీషు అక్షరం, తొమ్మిది. ఆ తర్వాతవి మారుతున్నాయి. ఈ మూడూ మారడం లేదు."

"తెలుసు. మా ఆయన అది బీరువా నంబరేమోనని ఆ బీరువా అంతా తిప్పి చూశారు కూడా."

"బీరువాకి తాళంచెవే కదండీ, నంబరు లేదు."

"అదే, చూశాక తెలిసింది." మిసావో నవ్వబోయి ఆపుకుంది. "వకయో గారూ, మీరు పడుతున్న కష్టం నాకు తెలీక కాదు. కానీ ఆసుపత్రిలో అక్షరాల అట్ట ముందు పెట్టి వేలితో చూపించమంటే విసిరికొట్టారు. కీబోర్డు ఇస్తే కళ్ళు మూసుకుని కొడతారు. రాసేవాడెవడైనా కళ్ళు మూసుకుంటాడా? మధ్యలో కోపమొచ్చి దాన్నీ తోసేస్తారు. ఈ మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టి ఆడించడం నాకిష్టం లేదు. మా నాన్న పరువు మా నాన్నకి ఉండనివ్వండి."

వకయో కళ్ళజోడు పైకి తోసుకుని, కీబోర్డుతో వచ్చిన కాగితం విప్పింది. చీమల బారులాంటి అక్షరాలు. సరుకులు కొనేటప్పుడు తారీకులు చూసుకునే భూతద్దం తెచ్చి కాగితం మీద పెట్టింది.

మొదటిది: కీబోర్డు అడుగున ఉన్న బటన్ పక్కకి జరపండి. జరిపింది. రెండోది: నీలం దీపం మిణుకు మిణుకుమనే దాకా పైన గుండ్రటి బటన్ నొక్కి పట్టుకోండి. దీపం రెండుసార్లు మిణుకుమని, తర్వాత కదలకుండా వెలుగుతూ ఉండిపోయింది. బియ్యం కొట్టు కంప్యూటర్ తెర మీద "వెతుకుతున్నాను" అని ఒక చక్రం తిరుగుతూనే ఉంది. ఇవాసె గారి ప్రింటరు పేరు కూడా రాలేదు, అది కొట్లో ఉంది కనుక. కీబోర్డు పేరు రానే లేదు.

మళ్ళీ మొదట్నించీ చేసింది. మళ్ళీ అంతే. కాగితం వెనక్కి తిప్పింది. "దీపం కదలకుండా వెలిగితే, కీబోర్డు అంతకుముందు కలిసిన కంప్యూటరుతోనే కలిసి ఉన్నట్టు."

"మిసావో గారూ, మీ ల్యాప్‌టాప్ సంచీలోనే ఉందా?"

"ఉంది. బస్సులో పని చేసుకున్నాను. ఏం?"

"మూసేశారా, పూర్తిగా ఆపేశారా?"

"మూత వేశాను, అంతే. ఎందుకు?"

"ఇది వెళ్ళి దానికే అతుక్కుంటోంది. ఇక్కడిది దీనికి కనబడటం లేదు."

మిసావో సంచీ దగ్గరికి వెళ్ళలేదు. అలాగే నిలబడింది. "అంటే నా కంప్యూటర్ నేను ఆపుకుంటేనే మీ పని జరుగుతుంది."

"అవునండీ."

"నేను ఆపకపోతే?"

"మీరు ఆపకపోతే డాక్టరమ్మ వచ్చేసరికి ఆయన ముందు ఉత్త బల్ల ఉంటుంది. మీకు కావలసినట్టు జరుగుతుంది." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. చారులో ఉప్పు ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. "కానీ రేపు సెందాయిలో ఆయన కళ్ళు మూసుకుని ఉత్త దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తుంటే, మీరు చూడాల్సొస్తుంది. నేను ఉండను."

మిసావో ముందు గదిలోకి వెళ్ళింది. సంచీ జిప్పు చప్పుడు, కాసేపటికి కంప్యూటర్ ఆగేటప్పుడు చేసే చిన్న ధ్వని వినబడ్డాయి. ఆమె మళ్ళీ ఇటు రాలేదు. అలమర ముందు కూర్చుని అమ్మకి అగరుబత్తి వెలిగించుకుంది.

వకయో గుండ్రటి బటన్ నొక్కి పట్టుకుంది. ఈసారి దీపం మిణుకుమంటూనే ఉంది. తెర మీద చక్రం ఆగి కీబోర్డు పేరు వచ్చింది. దాని మీద నొక్కగానే తెల్లటి డబ్బా ఒకటి తెరుచుకుంది. "ఈ అంకెలు కీబోర్డు మీద కొట్టి ఎంటర్ నొక్కండి."

ఆమె కంప్యూటర్ దగ్గర మోకాళ్ళ మీద ఉంది. కీబోర్డు మాస్టారి ఒళ్ళో ఉంది. అక్కడికి వెళ్ళేలోపు మర్చిపోకుండా ఉండటానికి పైకే చదువుకుంది, మందుల పేర్లు చదువుకున్నట్టు. "నాలుగు, సున్నా, ఏడు, ఏడు, రెండు, ఎనిమిది."

లేవడానికి టేబులు మీద చెయ్యి ఆనించింది. నడుము పట్టేసింది, ఒక క్షణం ఆగింది.

వెనకనుంచి టక్ మంది. కొంచెం ఆగి మళ్ళీ టక్. తర్వాత రెండు టక్కులు ఒకే చోట. మరో రెండు. ఆపైన కొంచెం పెద్ద మీట నొక్కిన చప్పుడు.

తెల్లటి డబ్బా మూసుకుపోయింది. "కీబోర్డు కలిసింది" అని తెర చెప్పింది.

వకయో మెల్లిగా తిరిగి చూసింది. మాస్టారి కళ్ళు మూసే ఉన్నాయి. ఎడమచేతి చూపుడువేలు ఎంటర్ మీద ఉంది.

అలమర దగ్గర ఇత్తడి గంట ఒకసారి మోగింది. మిసావో చేతులు జోడించి ఉంది, ఇటు చూడలేదు.

"మిసావో గారూ. మాస్టారు అంకెలు కొట్టారు."

"ఏ అంకెలు?"

"కలపడానికి అడిగిన అంకెలు. నేను పైకి చదివాను. ఆయన విని కొట్టారు."

"చెయ్యి తగిలుంటుంది."

"ఆరు అంకెలూ వరసగా తగుల్తాయా? ఏడు రెండుసార్లు తగుల్తుందా? తర్వాత ఎంటర్ కూడా తగుల్తుందా?"

మిసావో లేచి వచ్చింది. తెర చూసింది, తండ్రి చెయ్యి చూసింది. "సరే. అయితే రాయమనండి. ఇప్పుడే."

వకయో రాసుకునే పేజీ తెరిచింది. మాస్టారి వేలు కదిలింది. ఎక్కడెక్కడికో పాకింది. తెర మీద వచ్చాయి: సున్నా, శిలువలాంటి ఇంగ్లీషు అక్షరం, తొమ్మిది. ఆ వెనకాల ఇంకేవో అక్షరాలు, అంకెలు, ఒక చుక్క.

"చూశారా?" అంది మిసావో. గొంతులో గెలిచిన సంతోషం లేదు. ఒక్క నిమిషం పాటు తనూ ఆశపడి, అందుకు తనమీద తనే విసుక్కుంటున్న గొంతు అది.

వకయో ఆ మూడింటినీ చూస్తూ నిలబడింది. కళ్ళు మూసుకుని నాలుగు ఎక్కడుందో, ఏడు ఎక్కడుందో తడుముకుని నొక్కిన వేలు మరు నిమిషంలో దారి తప్పుతుందా? వేలు తప్పడం లేదు. వేలికీ తెరకీ మధ్య ఇంకేదో తప్పుతోంది.

ఈ మూడు వారాలూ ఆయన కొడుతున్నప్పుడల్లా ఆమె తెరనే చూసింది. ఏం వస్తుందా అని తెర దగ్గరే కూర్చుంది. ఇవాళ మొదటిసారి వెళ్ళి ఆయన పక్కన, ఆయన భుజానికి తన భుజం తగిలేలా మంచం అంచున కూర్చుంది.

"మాస్టారూ, ఇంకోసారి కొట్టండి. నెమ్మదిగా."

వేలు ముందు మధ్య వరసలో ఒక మీట మీదున్న చిన్న గుబ్బని వెతుక్కుంది. అది దొరికాక దాన్నించి పైకి, కుడికి, ఒక్కొక్క మీట అంచూ లెక్కపెట్టుకుంటూ పాకి, సున్నా మీద ఆగింది.

ఆ మీట మీద సున్నా ఉంది. కింద మూల, బియ్యపుగింజంత, ఇంకో గుర్తు ఉంది. ఆ చిన్న గుర్తులు ప్రతి మీట మీదా ఉంటాయి. ఎవరూ చూడరు. అందరూ మాటని ఇంగ్లీషు అక్షరాల్లో విడగొట్టి కొడతారు, కంప్యూటర్ దాన్ని మన అక్షరాల్లోకి మార్చి పెడుతుంది. ఒక మీటకి నేరుగా ఒక మన అక్షరం అన్న పాత పద్ధతి ఉందని చెప్పడానికే ఆ గుర్తులు మిగిలాయేమో.

వకయో భూతద్దం పెట్టి చూసింది. సున్నా కింద "వ".

వేలు ఎడమకి పాకి ఇంగ్లీషు అక్షరం మీద ఆగింది. దాని కింద "క".

మళ్ళీ పైవరసకి. తొమ్మిది. దాని కింద "యో".

ఆమె భూతద్దం బల్ల మీద పెట్టేసింది. అది దొర్లి కింద పడింది, తియ్యలేదు.

అయిదు నెలలుగా ఆ ఇంట్లో ఆమెని "గారు" తగిలించకుండా ఉత్త పేరుతో పిలిచినవాళ్ళు లేరని అనుకుంది. ఇరవై రెండు రోజులుగా ఆయన రోజూ పొద్దున్నే పిలుస్తున్నారు. తెర ఆయనకి సరిగ్గా కనబడదు. తను రాసింది వీళ్ళకి అందుతోందనే అనుకుని ఉంటారు. అందినా ఎవరూ పలకడం లేదనుకుని ఉంటారు. ఆయన కీబోర్డు తోసేస్తున్నది అందుకే.

"మిసావో అమ్మాయ్, ఇలా రా," అంది. "గారు" ఎక్కడో జారిపోయింది, ఇద్దరూ గమనించలేదు. "ఈ కింద చిన్నగా ఉన్న అక్షరం రావాలంటే ఏం చెయ్యాలి?"

"ఏ కిందది? అదా? అది ఎవరూ వాడరండీ ఇప్పుడు. అది..."

మిసావో అక్కడే ఆగిపోయింది.

ఆమె నాలుగో తరగతిలో ఉండగా నాన్న ఆఫీసులోకి ఆ చిన్న అక్షరాలతో నేరుగా కొట్టే రాత యంత్రం వచ్చింది. బడి అయ్యాక బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేది. పైన నాన్న వేళ్ళు టకటకమంటూ ఉండేవి. కొత్త కంప్యూటర్లు వచ్చాక అమ్మేవాడొకడు ఇంగ్లీషు పద్ధతి నేర్పిస్తానని కూర్చుంటే, "మా ఊరివాళ్ళ బాధ రాయడానికి నేను ముందు ఇంగ్లండు వెళ్ళి రావాలా నాయనా?" అని పంపేశాడు. ఆఫీసు మూసేదాకా నాన్న ఆ పాత పద్ధతిలోనే రాశాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. తన ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టిన రోజు అది గుర్తు రాలేదు.

"నేను ఆ పేజీలు అచ్చు తీసి కోర్టు అర్జీకి జత చేశాను," అంది మెల్లిగా. "మూడు పేజీలు. నాన్నకి బుద్ధి లేదనడానికి సాక్ష్యంగా."

వకయో గడియారం చూసింది. మూడవడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు. "దానికి తర్వాత ఏడవచ్చు. ముందు ఇది మార్చు."

మిసావో కంప్యూటర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తెర కింది మూల ఉన్న చిన్న గుర్తు మీద నొక్కితే ఒక పట్టీ తెరుచుకుంది. అందులో వేలు పెట్టి ఒక్కో వరసా వెతికింది. "మన అక్షరాలతో నేరుగా" అన్నదాని పక్కన టిక్కు పెట్టింది. రెండు సెకన్ల పని. చేశాక చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, కాలినట్టు.

గుమ్మం దగ్గర గంట మోగింది.

*

డాక్టర్ నుకగా అరవై ఏళ్ళ ఆవిడ. గాలికి చెదిరిన జుట్టు అరచేత్తో అణుచుకుంటూ లోపలికి వచ్చింది. టీ వద్దంది. వకయో కీబోర్డు సంగతి చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, మిసావో వైపు తిరిగింది. "అర్జీ పెట్టింది మీరే కదా? మీరు చెప్పండి."

మిసావో చెప్పింది. అచ్చు తీసిన పేజీలు ఎందుకు అలా వచ్చాయో కూడా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. డాక్టరమ్మ విని, ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, కాగితాల మీద ఏదో రాసుకుంది.

"ఇద్దరూ వెళ్ళి ఆ గోడ దగ్గర కూర్చోండి. మంచం దగ్గరికి ఎవరూ రాకూడదు, మాట అందించకూడదు. వచ్చింది నేను చదువుతాను."

ఇద్దరూ గోడకి ఆనుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఆ ఇంట్లో వాళ్ళు అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"తొగాషి గారూ, ఇవాళ ఏం వారం?"

వేలు గుబ్బని వెతుక్కుంది. చప్పుళ్ళ మధ్య చాలా జాగా ఉంది. డాక్టరమ్మ తెరకేసి వంగి, వచ్చింది వచ్చినట్టు చదివింది.

"మంగళవారం. చెత్తబండి రోజు. వకయో మర్చిపోయింది."

వకయో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిజమే. చెత్త సంచీ వెనక గుమ్మంలోనే ఉంది.

డాక్టరమ్మ ముఖంలో ఏదో కదిలింది కానీ గొంతు మారలేదు. "నూరులోంచి ఏడు తీసేస్తే?"

"తొంభై మూడు."

"అందులోంచి ఏడు?"

"ఎనభై ఆరు. ఇంకా తీసెయ్యాలా?"

"అక్కర్లేదు." ఆవిడ ఇంకా అడిగింది. ఏ ఊరు, ఏ కాలం, ఈ కోర్టు అర్జీ ఎందుకో తెలుసా. ప్రతిదానికీ జవాబు వచ్చింది, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే. అర్జీ గురించి అడిగినప్పుడు "తెలుసు. అమ్మాయి తప్పు లేదు. నా మాట దానికి వినబడలేదు" అని వచ్చింది. మిసావో తల దించుకుంది. పక్కనుంచి వకయో చేతిరుమాలు అందించింది, అటు చూడకుండానే.

అక్టోబరు తర్వాత మొదటిసారి వకయో ఒళ్ళు వదిలేసి గోడకి వాలింది. రేపు చెత్తబండి రాదు కనుక సంచీ ఎక్కడ పెట్టాలా అని కూడా ఆలోచించుకుంది.

"చివరిది," అంది డాక్టరమ్మ. కలం పక్కన పెట్టింది. "ఇది పరీక్ష కాదు. మీ ఇష్టం అడుగుతున్నాను. మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? ఈ ఇంట్లోనా, సెందాయిలోనా?"

వేలు వెంటనే కదల్లేదు. కెటిల్ కూత వినబడుతోంది. తర్వాత టక్కులు మొదలయ్యాయి. ఎక్కువ లేవు.

డాక్టరమ్మ ఒకసారి వకయో వైపు చూసి, అప్పుడు చదివింది.

"ఈ ఇంట్లో ఉండను. సెందాయి వెళ్తాను."

తను కోర్టుదాకా వెళ్ళి అడిగిన మాట అదే అయినా మిసావో ముఖంలో సంతోషం ఆనవాలే లేదు. ఆమె చూపు వకయో మీద ఉంది. వకయో నేల మీది చాప అల్లికని చూస్తోంది.

"సరే మాస్టారూ," అంది వకయో, మాట అందించకూడదన్న సంగతి మర్చిపోయి. "అలాగే. మీ ఇష్టం. బట్టలు సర్దుతాను."

"కూర్చోండమ్మా," అంది డాక్టరమ్మ. మంచం వైపు తిరిగింది. "తొగాషి గారూ, ఎందుకో చెప్పగలరా?"

ఈసారి వేలు ఆగలేదు. గుబ్బ, పైకి, కిందికి, గుబ్బ. మధ్యలో ఒకసారి చెయ్యి అలిసి బల్ల మీద వాలింది. మళ్ళీ లేచింది. డాక్టరమ్మ ఒక్కొక్క ముక్కా అయినప్పుడల్లా చదువుతూ పోయింది.

"వకయోకి ఆపరేషన్ ఉంది. రెండుసార్లు మానేసింది. నన్ను వదిలి రాలేనని వంటింట్లోంచి ఫోనులో చెప్పింది. మాట పోయింది కనుక చెవులూ పోయాయనుకుంది. నేను ఈ మంచం మీద ఉన్నన్నాళ్ళూ అది వెళ్ళదు. ఎల్లుండి మూడోసారి రమ్మన్నారు."

"ఏం ఆపరేషన్?" మిసావో గోడ దగ్గర్నించి లేచింది. "వకయో గారూ, ఏం ఆపరేషన్?"

"ఏం లేదమ్మా. చిన్నది. ఎప్పుడైనా చేయించుకోవచ్చు."

మంచం మీద టక్కులు వేగంగా వచ్చాయి. ఆయన అంత వేగంగా కొట్టడం ఆ రోజు అదే మొదటిసారి.

"చిన్నది కాదు," అని చదివింది డాక్టరమ్మ.

"మాస్టారూ, చాలు!"

"ఫోనులో ఆసుపత్రివాళ్ళు చెప్పిన ప్రతి మాటా తిరిగి పైకి అనడం దాని అలవాటు. వాయిదా వేస్తే ఎన్నాళ్ళు బతుకుతానని అడిగింది. వాళ్ళు చెప్పింది విని తిరిగి పైకి అంది..." డాక్టరమ్మ తెర చూసి చదువుతూనే ఉంది.

వకయో అప్పటికే లేచి మంచం చేరింది. మంచం దగ్గరికి ఎవరూ రాకూడదని డాక్టరమ్మ అంటూనే ఉంది. ఇరవై రెండు రోజులు ఆ వేలు మాట్లాడాలని భూతద్దం పట్టుకు కూర్చున్న మనిషి, వంగి ఆ వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టేసుకుంది. అది ఆమె గుప్పిట్లో కదుల్తూనే ఉంది.

"వద్దు మాస్టారూ. ఆ ఒక్కటీ రాయకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేవబోయింది. ఆవిడకంటే ముందు మిసావో వచ్చి వకయో మణికట్టు మీద చెయ్యి వేసింది.

"వదలండి," అంది. "వదలండి, వకయో గారూ. మా నాన్న మాట్లాడుతున్నారు."